చేతికి ఏం ఇచ్చింది, ఏం తీసుకుంది: సింథసైజర్ల చరిత్రలో కొన్ని మలుపులు

1970లో వచ్చిన మినీమోగ్ అనే సింథసైజర్ (విద్యుత్తుతో శబ్దాలను పుట్టించి మలిచే వాయిద్యం) ముందు ప్యానెల్ మీద నాబ్‌లు, స్విచ్‌లు నిండుగా ఉంటాయి. దాదాపు ఒక్కోదానికి ఒక్కటే పని. ఏది తిప్పితే ఏం మారుతుందో కాసేపు కూర్చుంటే చెవికే తెలిసిపోతుంది. 1983లో యమహా డీఎక్స్7 వచ్చేసరికి ఆ నాబ్‌లన్నీ పోయాయి. చదునుగా అతికించినట్టుండే బటన్లు, వరుసకు 16 అక్షరాలు పట్టే రెండు వరుసల చిన్న తెర, విలువలు మార్చడానికి ఒకే ఒక స్లైడర్ మిగిలాయి. లోపల మాత్రం ఒక్కో శబ్దాన్ని నిర్ణయించే విలువలు నూటయాభై దాకా ఉన్నాయి. పదమూడేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండు యంత్రాలూ సంగీతాన్ని మలుపు తిప్పినవే. తిప్పిన తీరు మాత్రం వేరు.

సింథసైజర్ల గురించి రాసేటప్పుడు ఎన్ని ఆసిలేటర్లు (శబ్ద తరంగాలను పుట్టించే భాగాలు) ఉన్నాయి, ఒకేసారి ఎన్ని స్వరాలు పలుకుతాయి, ఎవరి ఆల్బమ్‌లో వాడారు అన్న వివరాలే ఎక్కువగా కనిపిస్తాయి. అవీ కావలసినవే. అయితే ఒక యంత్రం ఎందుకు నిలబడిపోయిందో, మరొకటి ఎందుకు మరుగున పడిందో వాటితో తేలదు. వాయించేవాళ్ల చేతికి అది కొత్తగా ఏం అందించింది, బదులుగా ఏం లాగేసుకుంది అని అడుగుతూ పోతే ఈ చరిత్ర చాలావరకు తేటపడుతుంది.

ఎలక్ట్రానిక్ వాయిద్యాలు మోగ్ కంపెనీ యంత్రాల కంటే చాలా ముందే ఉన్నాయి. రష్యాలో లెవ్ తెర్మెన్ 1920 ప్రాంతంలో తయారుచేసిన థెరమిన్‌ను ముట్టుకోనక్కర్లేదు, గాలిలో చేతులు కదిపితే చాలు. 1957 నాటి ఆర్‌సీఏ మార్క్ 2 దీనికి పూర్తిగా ఎదురు. కొలంబియా-ప్రిన్స్‌టన్ ఎలక్ట్రానిక్ సంగీత కేంద్రంలో ఒక గదినంతా ఆక్రమించిన ఆ యంత్రానికి స్వరాలను కాగితపు పట్టీ మీద రంధ్రాలుగా పొడిచి అందించాలి. ఆ తర్వాత ఏం వినిపిస్తుందో చూసుకోవాలి. థెరమిన్‌లో భారమంతా చేతి మీదే పడుతుంది, ఆర్‌సీఏలో చేతికి చోటే లేదు.

ఈ రెంటికీ మధ్య దారి వోల్టేజి నియంత్రణతో తెరుచుకుంది. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్‌లో రాబర్ట్ మోగ్, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్ కలిసి రూపుదిద్దిన వ్యవస్థలో శబ్దాన్ని పుట్టించేదీ, శబ్దాన్ని మార్చేదీ రెండూ వోల్టేజికి లొంగుతాయి. ఆసిలేటర్‌కు ఇచ్చే వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి వెళుతుంది. అంటే 220 హెర్ట్జ్ 440 అవుతుంది, ఇంకో వోల్టు కలిపితే 880. ఆ ఒక్క వోల్టును పన్నెండు భాగాలు చేస్తే కీబోర్డు మీద పక్కపక్కనే ఉన్న రెండు కీల మధ్య దూరం వచ్చేస్తుంది. ఆ వోల్టేజి కీబోర్డు నుంచే రావాలనేమీ లేదు. ఇంకో ఆసిలేటర్ నుంచి వచ్చినా స్వరం కదులుతుంది. నెమ్మదిగా ఊగే ఆసిలేటర్‌ను తగిలిస్తే స్వరం వణుకుతుంది, వరుసగా వోల్టేజిలు పంపే సీక్వెన్సర్‌ను తగిలిస్తే పాట తనంతట తానే నడుస్తుంది. ఒక మాడ్యూల్‌ను (ఒక్కో పని చేసే విడి భాగాన్ని) ఇంకో మాడ్యూల్‌కు కేబుల్‌తో కలపడమే వాయిద్యాన్ని తయారుచేసుకోవడం. ఎలక్ట్రానిక్ సంగీతంలో ఇంతకంటే ఫలవంతమైన ఆలోచన మరొకటి లేదనే చెప్పాలి.

మోగ్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది దాని ఫిల్టర్. హార్మోనిక్స్ (మూలస్వరంతో కలిసి పలికే పై ఫ్రీక్వెన్సీలు) నిండుగా ఉన్న తరంగాన్ని తీసుకుని, పైనున్న వాటిని కోసేస్తూ శబ్దాన్ని మలచడం దాని పని. నిచ్చెన మెట్లలా ఒకదానిమీద ఒకటి పేర్చిన ట్రాన్సిస్టర్ జతలతో మోగ్ దీన్ని కట్టాడు. నాలుగు అంచెలు, ఒక్కో అంచెకు స్థాయికి 6 డెసిబెల్స్ చొప్పున మొత్తం 24. కోత పదునుగా ఉంటుంది కానీ చెవికి గుచ్చుకోదు. 1969లో దీనికి పేటెంట్ వచ్చింది.

అదే రోజుల్లో అమెరికా పడమటి తీరాన డాన్ బుక్లా వేరే దారి పట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటర్‌లో మోర్టన్ సబోట్నిక్, రామన్ సెండర్ కోరిక మీద అతను తయారుచేసిన వ్యవస్థకు మామూలు కీబోర్డు లేదు. వేలు ఆనిస్తే స్పందించే లోహపు పలకలు ఉన్నాయి, ఏ పలక ఏ స్వరం పలకాలో వాయించేవాళ్లే నిర్ణయించుకోవాలి. నలుపు తెలుపు కీలు కనబడగానే చేతులు పాత సంగీతంలోకే వెళ్లిపోతాయన్నది ఆ వర్గం వాదన. తర్వాత వచ్చిన 200 సిరీస్‌లో ఊహించలేని వోల్టేజిలు ఇవ్వడానికే ప్రత్యేకంగా ఒక మాడ్యూల్ ఉంది.

ఈ రెండు ఆలోచనల్లో గెలిచింది మోగ్ కీబోర్డే. ఆ గెలుపు వెనక ఒక రికార్డు కూడా ఉంది. 1968లో వెండీ కార్లోస్ బాఖ్ సంగీతాన్ని మోగ్ మీద వాయించిన ‘స్విచ్డ్-ఆన్ బాఖ్’ లక్షల్లో అమ్ముడుపోయి, 1970లో మూడు గ్రామీలు గెలుచుకుంది. ఆ రికార్డు ఎంత కష్టం మీద తయారైందో వింటుంటే తెలియదు. అప్పటి మోగ్ ఒకేసారి ఒక్క స్వరమే పలికేది. బాఖ్ రచనలో నాలుగు గొంతులు కలిసి నడిస్తే నాలుగింటినీ విడివిడిగా వాయించి, ఎనిమిది ట్రాకుల టేపు మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చాలి. పైగా ట్రాన్సిస్టర్లకు వేడి తగిలితే ఆసిలేటర్ శ్రుతి తప్పుతుంది. కొన్ని స్వరాలు వాయించడం, ఆపి శ్రుతి సరిచూసుకోవడం, మళ్లీ వాయించడం. అయినా జనానికి చేరింది మాత్రం సులువైన కబురే: ఈ పెట్టెకు కీబోర్డు ఉంది, దీని మీద తెలిసిన సంగీతం వాయించవచ్చు.

మినీమోగ్ ఆ కబురును చేతిలో పట్టుకెళ్లేంత చిన్నది చేసింది. వర్క్‌షాపులో మిగిలిపోయిన మాడ్యూళ్లను కూర్చి ఇంజినీర్ బిల్ హెమ్సత్ మొదటి నమూనా చేశాడు. ఇందులో కేబుళ్లు తీసేశారు. మూడు ఆసిలేటర్లు మిక్సర్‌లోకి, అక్కణ్ణుంచి ఫిల్టర్‌లోకి, ఆ తర్వాత ఆంప్లిఫయర్‌లోకి. దారి ఫ్యాక్టరీలోనే స్థిరమైపోయింది. మాడ్యులర్ వ్యవస్థలో సాధ్యమయ్యే వేల కలయికల్లో ఒక్కదాన్ని ఎంచుకుని మిగతావి వదిలేయడమంటే చిన్న త్యాగం కాదు. దానికి బదులుగా వేదిక మీద, పాట మధ్యలో, శబ్దాన్ని రెండు మూడు సెకన్లలో మార్చుకునే వీలు దొరికింది. కీబోర్డుకు ఎడమ పక్కన పెట్టిన రెండు చక్రాలు ఇంకా పెద్ద వరం. ఒకటి స్వరాన్ని పైకీ కిందికీ వంచుతుంది, రెండోది కంపనం తెస్తుంది. కుడిచేయి కీల మీద, ఎడమచేయి చక్రాల మీద పెట్టి వాయించే పద్ధతి అక్కణ్ణుంచే స్థిరపడింది. ఈనాటికీ ఏ కీబోర్డు చూసినా ఆ చక్రాలో, వాటి బదులు ఒక చిన్న లీవరో అదే చోట కనిపిస్తాయి. 1981 వరకు దాదాపు 12,000 మినీమోగ్‌లు తయారయ్యాయి.

కేబుళ్లను పూర్తిగా వదులుకోని వాళ్లూ ఉన్నారు. లండన్‌లో పీటర్ జినోవియెఫ్ బృందం 1969లో తెచ్చిన వీసీఎస్3లో కేబుళ్ల బదులు చిన్న గళ్ల పలక ఉంటుంది. అడ్డంగా 16, నిలువుగా 16 గళ్లు, ఏ గడిలో పిన్ను గుచ్చితే ఆ రెండు భాగాలూ కలుస్తాయి. 1971 నాటి ఏఆర్‌పీ 2600 ఇంకా తెలివైన రాజీ చేసింది. లోపల దారి ముందే కలిపి ఉంటుంది, కావాలంటే కేబుల్ గుచ్చి ఆ దారిని తెంచి కొత్తది వేసుకోవచ్చు. ‘స్టార్ వార్స్’లో ఆర్2-డీ2 రోబో మాటల కోసం బెన్ బర్ట్ తన గొంతుతో కలిపి వాడింది దీన్నే.

ఇన్ని యంత్రాలు వచ్చినా రెండు బాధలు తీరలేదు. చాలావాటిలో ఒకేసారి ఒకట్రెండు స్వరాలకు మించి పలకవు. శ్రమపడి తయారుచేసుకున్న శబ్దం నాబ్‌లు కదిపితే పోతుంది. మళ్లీ కావాలంటే ప్రతి నాబ్ ఎక్కడుందో కాగితం మీద గీసుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్ 1978లో తెచ్చిన ప్రాఫెట్-5 ఈ రెంటికీ కలిపి జవాబు చెప్పింది. ఏ కీ నొక్కారో లోపలి మైక్రోప్రాసెసర్ గమనించి, ఐదు వాయిస్‌లలో (ఒక్కో స్వరాన్ని పలికించే విభాగాల్లో) ఖాళీగా ఉన్నదానికి ఆ స్వరాన్ని అప్పగిస్తుంది. నాబ్‌ల స్థానాలను అంకెలుగా మార్చి దాచుకుంటుంది. మొదట్లో 40 శబ్దాలు దాచుకునే వీలుండేది. ఆసిలేటర్లను తిరిగి శ్రుతిలోకి తెచ్చే బటన్ కూడా పెట్టారు.

మెమరీ వచ్చాక కచేరీల్లో టెన్షన్ తగ్గింది, ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య బటన్ నొక్కితే సరిపోయింది. దాంతోపాటు ఒక అలవాటు కూడా మారింది. పాత శబ్దం కోసం నాబ్‌లు వెతుకుతుంటే దారిలో తగిలే కొత్త శబ్దాలు తగ్గిపోయాయి. ప్రాఫెట్‌లో నాబ్‌లు అలాగే ఉన్నాయి కాబట్టి ఆ నష్టం పెద్దగా కనబడలేదు. అది పూర్తిగా బయటపడింది డీఎక్స్7తోనే.

డీఎక్స్7 మూలం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. 1967లో జాన్ చౌనింగ్ కంప్యూటర్ మీద కంపనంతో ప్రయోగాలు చేస్తున్నాడు. స్వరం సెకనుకు ఐదారుసార్లు ఊగితే గాయకుడి గొంతులో వణుకులా వినిపిస్తుంది. ఆ ఊపును సెకనుకు ఇరవై ముప్పైసార్లు దాటించి ఇంకా పెంచుతూ పోతే చెవికి ఊపు వినబడడం మానేసి, స్వరం రంగే మారిపోతుంది. మూలస్వరానికి రెండు వైపులా కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టుకొస్తాయి. ఊపే తరంగం, ఊగే తరంగం పూర్ణాంకాల నిష్పత్తిలో ఉంటే తీగ వాయిద్యంలానో, బూరలానో పలుకుతుంది. నిష్పత్తి తేడాగా ఉంటే గంట మోత వస్తుంది. ఎఫ్‌ఎమ్ (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) అనే ఈ పద్ధతిలో రెండే రెండు సాదా తరంగాల నుంచి ఇంత సంపద రావడం ఆశ్చర్యమే. అమెరికాలోని ఆర్గన్ కంపెనీలకు దీని విలువ పట్టలేదు, యమహా వెంటనే పట్టుకుంది. ఆ పేటెంట్ మీద స్టాన్‌ఫర్డ్‌కు తర్వాతి కాలంలో 2 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.

1,995 డాలర్ల ధరకు డీఎక్స్7 ఇచ్చింది మామూలు విషయం కాదు. ఒకేసారి 16 స్వరాలు, ఎప్పటికీ తప్పని శ్రుతి, కీని ఎంత బలంగా కొడితే అంత మెరిసే శబ్దం. ఆ చివరిదాన్ని తక్కువగా చూడకూడదు. అంతకుముందు చాలా సింథసైజర్లలో మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా ఒకటే. ఇందులో వేలి బలం శబ్దం గట్టిదనాన్నే కాదు, రంగును కూడా మార్చగలదు. 1980ల మెలోడీ పాటల్లో అద్దంలా మోగే ఎలక్ట్రిక్ పియానో చాలాసార్లు దీనిదే.

తీసుకున్నది కూడా అంతే పెద్దది. ఒక్కో శబ్దానికి ఆరు ఆపరేటర్లు (తరంగాన్ని పుట్టించే భాగాలు), వాటిని కలపడానికి 32 పద్ధతులు, ఒక్కో ఆపరేటర్‌కు సొంత ఎన్వలప్ (తరంగం ఎలా ఎగసి ఎలా ఆరిపోవాలో చెప్పే అమరిక). వీటన్నింటినీ ఆ చిన్న తెరలో ఒక్కొక్కటిగా వెతికి మార్చాలి. మోగ్ ఫిల్టర్ నాబ్ తిప్పితే శబ్దం చీకటి పడుతుందో వెలుగుతుందో ముందే తెలుస్తుంది. ఎఫ్‌ఎమ్‌లో ఒక అంకె మార్చితే ఏం జరుగుతుందో ఊహకు అందదు. అందుకే చాలామంది శబ్దాలు తయారుచేయడం మానేసి, ఫ్యాక్టరీ ఇచ్చినవే వాడారు. వేరే వేరే దేశాల్లో, వేరే వేరే స్టూడియోల్లో అవే శబ్దాలు వినిపించాయి. సంగీతకారుడు బ్రయాన్ ఈనో లాంటి కొద్దిమంది పట్టుదలగా లోపలికి వెళ్లి సొంత శబ్దాలు తెచ్చుకున్నారు. అంటే లోపం ఎఫ్‌ఎమ్‌లో లేదు, లోపలికి వెళ్లే దారిలో ఉంది.

అదే 1983 జనవరిలో అమెరికాలో వాయిద్యాల పరిశ్రమ జరిపే నామ్ ప్రదర్శనలో సీక్వెన్షియల్ ప్రాఫెట్-600ను, రోలాండ్ జూపిటర్-6ను ఒక కేబుల్‌తో కలిపి చూపించారు. రెండు పోటీ కంపెనీల యంత్రాలు, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. అదే మిడీ, వేరే వేరే కంపెనీల వాయిద్యాలు మాట్లాడుకునే ఉమ్మడి భాష. డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి చొరవతో వచ్చిన ఈ ఒప్పందానికి 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మిడీ సెకనుకు 31,250 బిట్లు పంపుతుంది. ఏ స్వరం, ఎంత బలంగా, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు అన్నది మూడేసి బైట్లలో చెబుతుంది. విలువలు ఎక్కువగా 0 నుంచి 127 లోపే.

మిడీ లేకపోతే ఇంటి స్టూడియో అన్నదే ఉండేది కాదు, ఆ మేలు తక్కువది కాదు. అయితే అది సంగీతాన్ని చూసిన చూపు కీబోర్డు చూపే. స్వరం అంటే ఒక కీ నొక్కడం, వదలడం. బుక్లా పలకలు, థెరమిన్ చేతి కదలికలు ఆ లెక్కలో సరిగా ఇమడవు. స్వరాన్ని వంచే సమాచారం కూడా మామూలుగా చానెల్ మొత్తానికి ఒకటే వెళుతుంది. మూడు స్వరాలు కలిపి పట్టుకుని అందులో ఒక్కదాన్నే వంచాలంటే కుదరదు. 1964లో ఒక కంపెనీ ఎంపికగా మొదలైన కీబోర్డు, 1983 నాటికి పరిశ్రమ నియమంగా మారిపోయింది.

ఇంతవరకు చెప్పిన యంత్రాలు అనుకున్న పనికే వాడుకలోకి వచ్చాయి. రోలాండ్ టీబీ-303 సంగతి అలా కాదు. తదావో కికుమోతో రూపొందించిన ఈ వెండి రంగు పెట్టె 1981లో బేస్ గిటార్ వాయించే మనిషి లేనప్పుడు తోడు కోసమని వచ్చింది. బేస్ గిటార్‌లా వినబడలేదు. స్వరాలు ఎక్కించే పద్ధతి ఇంకా చిక్కు: ముందు స్వరాలన్నీ వరుసగా ఇవ్వాలి, ఆ తర్వాత వాటి కాలాలు విడిగా ఇవ్వాలి. ఒక్క చోట లెక్క తప్పితే స్వరాలన్నీ పక్కకు జరిగి, అనుకోని వరస తయారవుతుంది. 1984కల్లా తయారీ ఆపేశారు, మిగిలినవి సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవగ్గా దొరికాయి.

అలా ఒకటి షికాగోలో ఫ్యూచర్ అనే బృందం చేతికి చిక్కింది. వాళ్లు బేస్ వరసను నడవనిచ్చి, ఫిల్టర్ నాబ్‌లను పాట పొడుగునా తిప్పుతూ పోయారు. ఆరు చిన్న నాబ్‌లు పైన వరసగా ఉంటాయి. కటాఫ్ (ఫిల్టర్ కోత మొదలయ్యే చోటు) పెంచుతూ రెజొనెన్స్ (ఆ చోట శబ్దాన్ని ఉబికించే నాబ్) ఎక్కువ చేస్తే శబ్దం మూలుగు నుంచి కీచు దాకా సాగుతుంది. యాక్సెంట్ పెట్టిన స్వరం దగ్గర ఎగసిపడుతుంది, స్లైడ్ పెట్టిన చోట ఒక స్వరం ఇంకోదానిలోకి జారిపోతుంది. 1987లో వచ్చిన ‘యాసిడ్ ట్రాక్స్’తో యాసిడ్ హౌస్ అనే సంగీత ధోరణికి పేరు, రూపం వచ్చాయి. అందులో రాగం అంటూ పెద్దగా లేదు. కదులుతున్నది శబ్దం రంగు. అంటే సంగీతం నడుస్తున్నది కీల మీద కాదు, నాబ్‌ల మీద. డీఎక్స్7 చేతినుంచి లాగేసుకున్నదాన్ని ఒక పనికిరానిదనుకున్న పెట్టె తిరిగి ఇచ్చింది.

దీనికి ఐదేళ్ల ముందే ముంబైలో సెషన్ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఇదే టీబీ-303ను, టీఆర్-808 డ్రమ్ మెషీన్‌ను, జూపిటర్-8 కీబోర్డును కలిపి పది హిందుస్తానీ రాగాలను డిస్కో లయలో రికార్డు చేశారు. 1982లో వచ్చిన ఆ ఎల్పీని అప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో మళ్లీ విడుదలైనప్పుడు, షికాగో కంటే ముందే ఈ శబ్దం ఎలా వచ్చిందని ప్రపంచమంతా విస్తుపోయింది. షికాగో వాళ్లకు దీనితో సంబంధం లేదు, రెండూ విడివిడిగా పుట్టినవే. కానీ యంత్రం స్వభావం తెలిస్తే ఇందులో వింత లేదు. ఆధారశ్రుతి మారకుండా ఉండి, స్వరం నుంచి స్వరానికి జారుతూ నడిచే సంగీతానికి స్లైడ్ ఉన్న సీక్వెన్సర్ ఇట్టే అతుకుతుంది. మామూలు కీలు అందించలేని ఆ జారుడును, చిన్నదైనా, ఒక సర్క్యూట్ పలికించింది.

టీఆర్-808ది కూడా ఇలాంటి కథే. 1980లో రోజర్ లిన్ నిజమైన డ్రమ్ముల రికార్డింగులతో చేసిన ఎల్ఎమ్-1 డ్రమ్ మెషీన్ ధర 5,000 డాలర్ల దరిదాపుల్లో ఉంటే, రోలాండ్ 808 ధర 1,195. ఇందులో రికార్డింగులేమీ లేవు. బేస్ డ్రమ్ అంటే మెల్లగా ఆరిపోయే ఒక సాదా తరంగం, తాళాల మోత అంటే ఆరు చదరపు తరంగాల కలగలుపు. నిజమైన డ్రమ్ములా లేదని అప్పట్లో పెదవి విరిచారు. 1983లో ఆగిపోయేలోపు సుమారు 12,000 తయారయ్యాయి. నేలలోంచి వచ్చినట్టుండే ఆ బేస్ డ్రమ్ హిప్-హాప్‌కు పునాది అయ్యింది. ఏ డ్రమ్మునూ పోలకపోవడమే దాని బలమైంది.

అసలు శబ్దాన్నే రికార్డు చేసి కీల మీద పరిచే దారిని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ 1979లో ఫెయిర్‌లైట్ సీఎంఐతో తెరిచారు. శబ్దాన్ని లెక్కలతో పునాదినుంచి కట్టాలన్నది వాళ్ల అసలు ఆశ. అప్పటి ప్రాసెసర్లకు అంత శక్తి లేకపోయింది, శాంప్లింగ్ దగ్గరి దారిగా వచ్చింది. వాయిస్‌కు 16 కిలోబైట్ల మెమరీలో సుమారు ఒక సెకను శబ్దం పట్టేది. దానితో ఇచ్చిన శాంపిళ్లలో ఒకటి స్ట్రావిన్‌స్కీ ‘ఫైర్‌బర్డ్’ నుంచి తీసిన ఒక్క ఆర్కెస్ట్రా మోత. 1982లో ‘ప్లానెట్ రాక్’ పాటలో 808 లయ మీద అది వినబడ్డాక 1980ల పాటల్లో ఆ తరహా మోత లేని చోటు లేదు. 1988లో కోర్గ్ ఎమ్1 శాంపిళ్లు, ఎఫెక్టులు, సీక్వెన్సర్ అన్నీ ఒకే కీబోర్డులో పెట్టింది. లక్షల్లో అమ్ముడుపోయింది. సౌకర్యం నిజమే, ప్రీసెట్ల (ఫ్యాక్టరీలోనే తయారుచేసి ఇచ్చే శబ్దాల) రాజ్యం ఇంకా బలపడిందన్నదీ నిజమే.

1990ల నడుమ గాలి రెండు దిక్కులకు తిరిగింది. 1996లో వచ్చిన వీఎస్‌టీ (సంగీత సాఫ్ట్‌వేర్‌కు అదనపు భాగాలు తగిలించే ప్రమాణం), 1999 నాటికి సింథసైజర్లను పూర్తిగా కంప్యూటర్‌లోకి తెచ్చింది. ఖర్చు, చోటు, శ్రుతి అన్న మూడు పాత బాధలూ పోయాయి. పోయినవాటితో పాటు రెండు చేతులతో ఒకేసారి రెండు నాబ్‌లు తిప్పే వీలూ పోయింది, మౌస్ ఒకటే మిగిలింది. సరిగ్గా ఆ రోజుల్లోనే జర్మనీలో డీటర్ డోప్‌ఫర్ చిన్న మాడ్యూళ్లతో ఏ-100 వ్యవస్థను తెచ్చాడు. యూరోరాక్ అన్న ప్రమాణం దాని నుంచే వచ్చింది. మోగ్ నాటి వోల్టు లెక్క, బుక్లా నాటి ఊహకందని వోల్టేజిలు, రెండూ ఇప్పుడు ఒకే పెట్టెలో పక్కపక్కన ఉంటున్నాయి. అంతకు ముప్పై ఏళ్ల ముందు ఓడిపోయిందనుకున్న బుక్లా ఆలోచనకు ఇక్కడ దొరికిన గౌరవం న్యాయమైనది.

ఒక్క విషయం మాత్రం చాలాకాలం చాలామందికి పట్టలేదు. 1970ల చివర్లో వచ్చిన యమహా సీఎస్-80 బరువు 80 కిలోలు దాటుతుంది, శ్రుతి నిలవదు. అయినా ‘బ్లేడ్ రన్నర్’ సంగీతంలో వాంజెలిస్ చేతిలో అది గొంతెత్తి పాడింది. కారణం కీల కింద ఉంది. నొక్కిన ప్రతి కీకీ విడిగా ఒత్తిడిని గుర్తించే ఏర్పాటు చేశారు. నాలుగు స్వరాలు పట్టుకుని ఒక్క వేలిని మాత్రం ఇంకాస్త ఒత్తితే ఆ ఒక్క స్వరమే ఉబుకుతుంది. ఇంత అందమైన సదుపాయం ఖర్చు వల్ల కొన్ని యంత్రాలకే పరిమితమై, చాలా కీబోర్డుల్లోకి రాలేదు. 2018లో ఎంపీఈ అనే ప్రమాణం ప్రతి స్వరాన్నీ విడిగా వంచే పద్ధతిని మిడీలోకి తెచ్చింది. 2019లో హైడ్రాసింథ్ అనే సింథసైజర్, కీల ఒత్తిడిని విడివిడిగా గుర్తించే కీబోర్డును మామూలు వాద్యకారులకు అందుబాటులోకి తెచ్చింది. 2020 నాటి మిడీ 2.0లో కీ బలానికి 128 మెట్ల స్థానంలో 65,536 ఉన్నాయి, ఏ స్వరానికి ఆ స్వరం నియంత్రణ కూడా ఉంది. అయితే చాలా స్టూడియోల్లో ఇప్పటికీ నడుస్తున్నది 1983 నాటి మిడీయే. కొత్తదానికి తగ్గ వాయిద్యాలు ఇంకా కొద్దిగానే వచ్చాయి.